టారో కార్డులకు రాశి–గ్రహ చక్రం: ప్రాజెక్టు డైరీ

టారో కార్డులతో జోస్యం చెప్పేవారి దగ్గర సాధారణంగా ఒక పట్టిక ఉంటుంది. ఏ కార్డుకు ఏ రాశి, ఏ గ్రహం అన్నది అందులో వరుసగా రాసి ఉంటుంది గాని, ఆ వరుస ఏ నియమం మీద నిలబడిందో, నకలు చేసేటప్పుడు ఒక గడి జరిగిపోతే దాన్ని ఎలా పట్టుకోవాలో ఉండదు. 78 కార్డులనూ నియమం ప్రకారం ఒకే చక్రం మీద పేర్చి, ఎవరికి వారు సరిచూసుకోగలిగేలా చేయడం ఈ పని ఉద్దేశం. పంచాంగం అలవాటున్న ఇంట్లో మేషమంటే ఏప్రిల్ 14న మొదలవుతుంది. టారో పట్టికల్లో మేషం మార్చి 20 లేదా 21నే మొదలవుతుంది. పనిలో ఎక్కువ కాలం తిన్నది ఈ తేడాయే.

వాడిన సామగ్రి: రెండు చార్టు పేపర్లు, 3 మి.మీ. మందం గల సన్‌బోర్డు ముక్క, వృత్తలేఖిని, విభాగిని, ఉక్కు స్కేలు, 0.5 మి.మీ. పెన్సిలు, ఫెవికాల్, స్ప్రెడ్‌షీటు, 1909 నాటి వెయిట్–స్మిత్ బొమ్మలున్న పేక. పేక కాకుండా ఖర్చు మూడు వందల రూపాయల లోపే.

దశ 1: ఏ పట్టిక?

టారో 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో పేకాటగా పుట్టింది. ఆ ఆటలో జ్యోతిషం లేదు. జ్యోతిషాన్ని కార్డులకు కట్టినవారు చాలా తరువాతివారు. వారు ఒక్క మాట మీద లేరు కాబట్టి, ముందుగా ఒక సంప్రదాయాన్ని ఎంచుకుని దానికే కట్టుబడాలి.

మేజర్ ఆర్కానా అనే 22 పెద్ద బొమ్మల కార్డులకు 22 హీబ్రూ అక్షరాలను జోడించే పద్ధతులు ప్రధానంగా రెండు. ఫ్రాన్సులో రహస్య విద్యల రచయిత ఎలిఫాస్ లెవీ 1850లలో చూపిన వరుసలో మొదటి అక్షరం ఆలెఫ్ మెజీషియన్‌కు వెళ్తుంది. ఫూల్ చివరి నుంచి రెండో స్థానంలో కూర్చుంటుంది. లండన్‌లో 1888లో మొదలైన హెర్మెటిక్ ఆర్డర్ ఆఫ్ ది గోల్డెన్ డాన్ అనే రహస్య విద్యల సంఘం ఫూల్‌ను ముందుకు తెచ్చి ఆలెఫ్ దానికిచ్చింది. రెండు వరుసలనూ పక్కపక్క నిలువు గడుల్లో పెట్టి చూస్తే 22లో ఒకే అక్షరం మీద కలిసే కార్డు ఒక్కటే, అది వరల్డ్. అందుచేత ఒక పుస్తకం నుంచి కొన్ని, మరొక పుస్తకం నుంచి కొన్ని తీసుకుని కలిపిన పట్టిక ఎంత అందంగా అచ్చయినా పనికిరాదు. ఇక్కడ గోల్డెన్ డాన్ వరుసనే తీసుకున్నాను. కారణం సులువు: వెయిట్–స్మిత్ బొమ్మలు ఆ వరుసను దృష్టిలో పెట్టుకున్నవి. ఎంపరర్ సింహాసనం మీద పొట్టేలు తలలు, ఎంప్రెస్ పక్కనున్న హృదయాకారపు డాలు మీద శుక్ర చిహ్నం ఆ సంగతిని కంటికి చూపిస్తాయి.

హీబ్రూ అక్షరాలను సెఫర్ యెత్సిరా అనే ప్రాచీన గ్రంథం 3, 7, 12గా విభజిస్తుంది. గోల్డెన్ డాన్ పట్టికలో ఇవి వరుసగా తత్వాలు, గ్రహాలు, రాశులు.

1. రాశులు 12: ఎంపరర్ మేషం, హైరోఫాంట్ వృషభం, లవర్స్ మిథునం, చారియట్ కర్కాటకం, స్ట్రెంగ్త్ సింహం, హెర్మిట్ కన్య, జస్టిస్ తుల, డెత్ వృశ్చికం, టెంపరెన్స్ ధనుస్సు, డెవిల్ మకరం, స్టార్ కుంభం, మూన్ మీనం.
2. గ్రహాలు 7: మెజీషియన్ బుధుడు, హై ప్రీస్టెస్ చంద్రుడు, ఎంప్రెస్ శుక్రుడు, వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ గురుడు, టవర్ కుజుడు, సన్ రవి, వరల్డ్ శని.
3. తత్వాలు 3: ఫూల్ వాయువు, హ్యాంగ్డ్ మ్యాన్ జలం, జడ్జిమెంట్ అగ్ని.

ఈ దశలో ఇబ్బంది పెట్టినవి రెండు. మూన్ అనే కార్డు చంద్రుడిది కాదు, మీనానిది. చంద్రుడి కార్డు హై ప్రీస్టెస్. పేరు చూసి వెతికే సూత్రం స్ప్రెడ్‌షీటులో ఇక్కడ విఫలమైంది. రెండోది అంకెల సంగతి. పాత మార్సెయ్ పేకల్లో జస్టిస్ 8, స్ట్రెంగ్త్ 11. రాశుల వరుసలో ఎనిమిదో అంకె దగ్గర సింహం, పదకొండో అంకె దగ్గర తుల పడుతున్నందున గోల్డెన్ డాన్ ఈ రెండింటినీ తారుమారు చేసింది. సింహరాశికి స్ట్రెంగ్త్ బొమ్మలోని సింహం, తులకు జస్టిస్ బొమ్మలోని తక్కెడ సరిపోయాయి. వెయిట్ పేక మార్చిన అంకెలనే ముద్రించింది. తరువాత అలిస్టర్ క్రౌలీ రూపొందించిన థోత్ పేకలో మాత్రం అంకెలు మళ్లీ పాతవే ఉన్నాయి, రాశులు మారలేదు. కాబట్టి పట్టికలో కార్డును గుర్తించే గడిగా అంకెను తీసేసి పేరునే ఉంచాను.

తత్వాల మూడు కార్డులకు యురేనస్, నెప్ట్యూన్, ప్లూటోలను ఇచ్చే ఆధునిక పట్టికలు ఉన్నాయి. ప్లూటోను కనుగొన్నది 1930లో. ఈ వ్యవస్థ కట్టినవారికి అది తెలియదు. రాహుకేతువులకూ ఇందులో చోటు లేదు. మన నవగ్రహాలను ఇందులో ఇరికించాలని చూస్తే ఏడు గడుల వరుస విరిగిపోతుంది కాబట్టి ఈ ఐదింటినీ బయటే ఉంచాను.

ఇప్పటివరకు: 22 / 78.

దశ 2: చిన్న కార్డులు, హోరల వరుస

ప్రతి రాశినీ పదేసి డిగ్రీల మూడు డెకన్లుగా కోస్తే 36 వస్తాయి. నాలుగు జాతుల్లోనూ (వాండ్స్ అంటే కర్రలు, పెంటకిల్స్ నాణేలు, స్వోర్డ్స్ కత్తులు, కప్స్ పాత్రలు) 2 నుంచి 10 వరకు ఉన్న కార్డులూ 36. గోల్డెన్ డాన్ సభ్యుల మధ్య చేతిరాత ప్రతులుగా తిరిగిన 'బుక్ టి' ఈ రెండింటినీ కట్టింది. అచ్చులో దొరికే జాబితాలను నకలు చేయడం కన్నా ఈ 36నూ లెక్కతో పుట్టించడం మేలు. నకలు చేసిన జాబితాలో ఒక గ్రహం తప్పిపోతే అది అక్కడే దాగి ఉంటుంది. లెక్కలో తప్పు పడితే ఆ తరువాతి వరుస అంతా చెదిరి వెంటనే కనిపిస్తుంది.

లెక్కకు కావలసిన మూడు వరుసలూ తెలుగు పాఠకుడికి ముందే తెలిసినవి. రాశుల తత్వాలు అగ్ని, భూమి, వాయువు, జలం అని తిరుగుతాయి. స్వభావాలు చర, స్థిర, ద్విస్వభావ అని తిరుగుతాయి. గ్రహాలు మాత్రం పాశ్చాత్యులు కాల్డియన్ వరుస అని పిలిచే క్రమంలో వస్తాయి. అది పంచాంగంలో రోజువారీ హోరలు తిరిగే క్రమమే: రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు, శని, గురుడు, కుజుడు. హోరాచక్రం నోటికి వచ్చినవారికి ఈ దశలో కంఠస్థం చేయవలసింది ఏమీ లేదు.

1. మేషం మొదటి డెకన్‌కు 0 అని, మీనం చివరి డెకన్‌కు 35 అని క్రమసంఖ్యలు వేయాలి.
2. క్రమసంఖ్యను 3తో భాగించగా వచ్చే పూర్ణాంకం రాశి సంఖ్య (మేషం 0, మీనం 11).
3. రాశి సంఖ్యను 4తో భాగించగా శేషం 0 అయితే వాండ్స్, 1 పెంటకిల్స్, 2 స్వోర్డ్స్, 3 కప్స్.
4. రాశి సంఖ్యను 3తో భాగించగా శేషం 0 (చర) అయితే 2, శేషం 1 (స్థిర) అయితే 5, శేషం 2 (ద్విస్వభావ) అయితే 8 తీసుకోవాలి. దానికి క్రమసంఖ్యను 3తో భాగించగా మిగిలే శేషం కలిపితే కార్డు అంకె వస్తుంది.
5. క్రమసంఖ్యను 7తో భాగించగా శేషం 0 కుజుడు, 1 రవి, 2 శుక్రుడు, 3 బుధుడు, 4 చంద్రుడు, 5 శని, 6 గురుడు.

ఉదాహరణకు క్రమసంఖ్య 26 తీసుకుంటే రాశి 8, అంటే ధనుస్సు, జాతి వాండ్స్, అంకె 8కి 2 కలిపి 10, గ్రహశేషం 5, అంటే శని. టెన్ ఆఫ్ వాండ్స్‌కు ధనుస్సులో శని. కట్టెలమోపు మోస్తూ వంగిపోయిన మనిషి బొమ్మకు ఇది బాగానే కుదిరింది.

సరిచూడడానికి ఒక గుర్తు ఉంది. 36ను 7తో భాగిస్తే 1 మిగులుతుంది. కాబట్టి ఒక గ్రహం ఆరుసార్లు, మిగిలినవి ఐదేసిసార్లు రావాలి. ఆరుసార్లు వచ్చేది కుజుడు: మీనం చివర టెన్ ఆఫ్ కప్స్ దగ్గర, వెంటనే మేషం మొదట టూ ఆఫ్ వాండ్స్ దగ్గర. రెండు కుజులు పక్కపక్క లేని జాబితా మీ చేతికి వస్తే దాన్ని పక్కన పెట్టవచ్చు.

ఇప్పటివరకు: 22 + 36 = 58 / 78.

దశ 3: అట్ట చక్రం

మొదటి చక్రం 12 సెం.మీ. వ్యాసార్ధంతో గీశాను. ఒక్కో డెకన్ అంచు 2.09 సెం.మీ. వచ్చింది. ఆ వెడల్పులో రాశి, గ్రహం, కార్డు పేరు తెలుగులో పట్టవు. 'వృశ్చికం' రాస్తే వత్తులు పక్క గడిలోకి దిగుతాయి. ఏ3 కాగితం మీద 14 సెం.మీ. దాటి గీయడం కుదరదు, అక్కడా 2.44 సెం.మీ.లే. చార్టు పేపరుకు మారి వ్యాసార్ధాన్ని 18 సెం.మీ.కు పెంచాక ఒక్కో డెకన్ 3.14 సెం.మీ. అయింది. ఈ కొలతలో ఇంకో సౌలభ్యం ఉంది: అంచు మీద ఒక డిగ్రీ 3.14 మి.మీ. అవుతుంది కాబట్టి స్కేలుతోనే డిగ్రీలు కొలవవచ్చు.

విభజనలో కోణమాపకాన్ని నమ్మడం మంచిది కాదు. బడి పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమాపకం వ్యాసార్ధం సుమారు 5 సెం.మీ.; దాని దగ్గర అర డిగ్రీ చూపు తేడా 18 సెం.మీ. అంచుకు చేరేసరికి 1.6 మి.మీ. అవుతుంది. వృత్తలేఖినితో 60 డిగ్రీలు, వాటిని సగం చేసి 30 డిగ్రీలు కచ్చితంగా గీయవచ్చు. 30 డిగ్రీలను మూడు సమభాగాలు చేసి 10 రాబట్టడం మాత్రం వృత్తలేఖిని, స్కేలులతో అసాధ్యమని గణితమే తేల్చింది. అంటే 12 రాశులు రేఖాగణితం ఇస్తుంది, 36 డెకన్లను కొలతతో తెచ్చుకోవాలి. పాటించిన పద్ధతి ఇది:

1. 18 సెం.మీ. వ్యాసార్ధం మార్చకుండా అంచు మీద ఆరు గుర్తులు పెట్టాలి.
2. ప్రతి చాపాన్నీ సగం చేసి 12 రాశుల గీతలు కేంద్రం నుంచి అంచుకు లాగాలి. ఈ గీతలు సిరాతో వేయవచ్చు.
3. విభాగిని ముళ్ల మధ్య 31.4 మి.మీ. పెట్టి, ప్రతి రాశిలోనూ మొదటి గీత నుంచి రెండు గుర్తులు మాత్రమే పెట్టాలి.
4. మూడో అడుగు రాశి గీత మీద పడుతుందో లేదో చూడాలి. అర మిల్లీమీటరు కన్నా ఎక్కువ తప్పితే ముళ్లను సవరించాలి.

ఒకే కొలతతో 36 అడుగులూ ఆపకుండా నడిపితే ఏమవుతుందో ప్రయత్నించి చూశాను. చాపం 31.416 మి.మీ., దాని జ్యా 31.376 మి.మీ.; అడుగుకు 0.04 మి.మీ. తేడా అయినా చుట్టూ తిరిగి వచ్చేసరికి 1.4 మి.మీ. పోగవుతుంది. చేతి వణుకు దానికి అదనం. రాశికొకసారి ఆగితే ఆ తేడా అక్కడితో చెల్లిపోతుంది.

వానాకాలపు తేమకు చార్టు అట్ట గిన్నెలా వంగింది. ఒకవైపే కాగితం అంటించడం దానికి కారణం. రెండో ప్రతిలో సన్‌బోర్డు ఆధారంగా పెట్టి, రెండు వైపులా చార్టు అంటించి, బరువు పెట్టి రాత్రంతా ఉంచాక నిలిచింది.

పేక మీదే గుర్తులు వేయాలన్న ఆలోచనను ఇక్కడే వదిలేశాను. నున్నటి పూత మీద మార్కరు సిరా చెరిగిపోతుంది. చిన్న స్టిక్కర్లు 0.1 మి.మీ. మందమే అనుకున్నా 78 కార్డులకు 7.8 మి.మీ. పెరిగి పేక ఒక మూల లేస్తుంది, కలపడం కష్టమవుతుంది. చక్రం పక్కన, చక్రం క్రమసంఖ్యలతో, విడిగా ఒక నోటుపుస్తకం పెట్టుకోవడమే నయం.

దశ 4: సాయనం, నిరయనం, మఖా తార

చక్రంలో 14 సెం.మీ. వ్యాసార్ధం గల లోపలి బిళ్లను టిచ్ బటన్ ఇరుసు మీద తిరిగేలా అమర్చాను. బయటి వలయం సాయనం (వసంత విషువత్తు నుంచి లెక్కించే, టారో పట్టికల రాశిచక్రం), లోపలిది నిరయనం (తారల ఆధారంగా లెక్కించే, మన పంచాంగపు రాశిచక్రం). రెండింటి ఆరంభాల మధ్య కోణం అయనాంశ; లాహిరి లెక్క ప్రకారం అది ఇప్పుడు సుమారు 24 డిగ్రీల 12 నిమిషాలు కాబట్టి లోపలి మేషారంభాన్ని బయటి మేషంలో 24.2 డిగ్రీల దగ్గర నిలపాలి. 14 సెం.మీ. దగ్గర డిగ్రీకి 2.44 మి.మీ. చొప్పున అది 59.1 మి.మీ. టిచ్ బటన్‌లో దాదాపు మిల్లీమీటరు ఆట ఉంది, అంటే 0.4 డిగ్రీ అనిశ్చితి. లాహిరికీ, మరో లెక్క అయిన రామన్ అయనాంశకూ మధ్య తేడా సుమారు ఒకటిన్నర డిగ్రీ, ఈ బిళ్ల మీద 3.5 మి.మీ.; దాన్ని చూపించడానికి ఇరుసు చాలుతుంది, అంతకన్నా సూక్ష్మమైన తేడాలకు చాలదు.

అసలు సమస్య ఇరుసుది కాదు. మకర సంక్రాంతి, జనవరి 14. సాయనంలో ఆ రోజు రవి మకరం 24వ డిగ్రీ చుట్టుపక్కల, మూడో డెకన్‌లో ఉంటాడు: ఫోర్ ఆఫ్ పెంటకిల్స్. నిరయనంలో మకరం మొదటి డిగ్రీలోకి అప్పుడే అడుగు పెడతాడు: టూ ఆఫ్ పెంటకిల్స్. ఒకటి నాణేలను గుండెకు హత్తుకుని కదలని మనిషి, రెండోది వాటిని గాలిలో ఆడించే మనిషి. 24.2 డిగ్రీలంటే డెకన్ల లెక్కలో 2.42. అందువల్ల ప్రతి వంద స్థానాల్లో సుమారు 58 రెండు డెకన్లు, మిగిలిన 42 మూడు డెకన్లు వెనక్కి జరుగుతాయి. ఏ ఒక్కటీ తన కార్డు మీద నిలవదు.

పై చిక్కు చాలనట్టు బుక్ టి డెకన్ల లెక్కను సింహరాశి మొదటి నుంచి, రెగ్యులస్ తారను ఆ ఆరంభానికి గుర్తుగా పెట్టుకుని మొదలుపెడుతుంది. రెగ్యులస్ అంటే మన మఖ. అంటే ఈ వ్యవస్థ పునాది పత్రంలోనే తారల ఆధారంగా ఉన్న లెక్క ఉంది, అచ్చయిన తేదీల జాబితాలు మాత్రం సాయనం. రెగ్యులస్ సాయనంలో ఇప్పుడు కన్య మొదటి డిగ్రీలో ఉంది. అక్కడ సింహం మొదలవ్వాలంటే అయనాంశ సుమారు 30 డిగ్రీలు కావాలి. లాహిరి ప్రకారం అదే తార సింహంలో సుమారు 6 డిగ్రీల దగ్గర ఉంటుంది. 30 డిగ్రీల లెక్కన సంక్రాంతి రవి ధనుస్సు 24లో, టెన్ ఆఫ్ వాండ్స్‌లో పడతాడు. ఒక్క పండుగకు మూడు కార్డులు!

ఇక్కడ నిర్ణయం తీసుకోక తప్పలేదు. కార్డుకు రాశి, గ్రహం కట్టిన బంధం మేషపు సున్నా డిగ్రీ ఎక్కడ పెట్టామన్న దాని మీద ఆధారపడదు; త్రీ ఆఫ్ స్వోర్డ్స్ ఏ లెక్కలోనైనా తులలో శనియే. మారేది తేదీలు మాత్రమే. పరిచిన కార్డులను చదవడానికి తేదీలు అవసరం లేదు. పుట్టినరోజుకు కార్డు చెప్పేవారికే అవి కావాలి. అందువల్ల తేదీల వలయాన్ని సిరాతో వేయక పెన్సిలుతో వేశాను, సాయనపు తేదీలే వేశాను. డెకన్‌కు పది రోజులని సమానంగా పంచకూడదు: రవి జనవరి మొదట్లో ఒక డెకన్‌ను 9.8 రోజుల్లో దాటితే జూలై మొదట్లో 10.5 రోజులు తీసుకుంటాడు.

ఇరుసునూ తీసేశాను. అయనాంశ ఏడాదికి సుమారు 50 సెకన్ల కోణం చొప్పున పెరుగుతుంది. ఈ బిళ్ల మీద ఒక మిల్లీమీటరు జరగడానికి దాదాపు 29 ఏళ్లు పడుతుంది. అంత నెమ్మదిగా కదిలేదానికి ఫెవికాల్ చాలు. లాహిరి గుర్తు నీలి సిరాతో, మఖ గుర్తు ఎర్ర సిరాతో బయటి వలయం అంచున వేసి బిళ్లను అంటించాను.

దశ 4లో ఒక ఉపపరీక్ష: మన ద్రేక్కాణాలు

సున్నా మార్చకపోయినా గ్రహాలను మార్చవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. మన జ్యోతిషంలో డెకన్‌ను ద్రేక్కాణం అంటారు. పరాశర పద్ధతిలో రాశి మొదటి ద్రేక్కాణానికి ఆ రాశ్యధిపతి, రెండోదానికి అయిదో రాశి అధిపతి, మూడోదానికి తొమ్మిదో రాశి అధిపతి వస్తారు. మేషానికి కుజుడు, రవి, గురుడు. గోల్డెన్ డాన్ వరుసలో మేషానికి కుజుడు, రవి, శుక్రుడు. మొదటి రెండూ కలవగానే ఆశ పుడుతుంది. 36నూ పోల్చాక అది నిలవలేదు. కలిసినవి 9:

మేషంలో టూ, త్రీ ఆఫ్ వాండ్స్. వృషభంలో సెవెన్ ఆఫ్ పెంటకిల్స్. సింహంలో సిక్స్, సెవెన్ ఆఫ్ వాండ్స్. తులలో త్రీ ఆఫ్ స్వోర్డ్స్. వృశ్చికంలో ఫైవ్ ఆఫ్ కప్స్. కుంభంలో సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్. మీనంలో టెన్ ఆఫ్ కప్స్.

రెండు జాబితాల్లో గ్రహాల సంఖ్యలను బట్టి, ఊరికే కలిపి పంచినా సగటున 5 కలుస్తాయి. 9 అంతకన్నా ఎక్కువే గాని, మిగిలిన 27 కార్డుల అర్థాలను తిరగరాయడానికి అది ఆధారం కాదు. పరాశర అధిపతులను కార్డుల పేర్ల పక్కన ఆకుపచ్చ సిరాతో, చదవడానికి కాక పోల్చడానికి మాత్రమే రాశాను. బొమ్మల సంగతికొస్తే, వరాహమిహిరుడు 36 ద్రేక్కాణాలకూ రూపాలు చెప్పాడు. మేషం మొదటి ద్రేక్కాణం ఆయన వర్ణనలో నడుముకు తెల్లబట్ట చుట్టుకుని, గొడ్డలి ఎత్తిన ఎర్రకళ్ల నల్లటి పురుషుడు. టూ ఆఫ్ వాండ్స్‌లో కోటగోడ మీద నిలబడి చేతిలో గోళం పట్టుకున్న పెద్దమనిషి కన్నా ఆ గొడ్డలి పురుషుడే కుజుడికి తగినవాడని నాకనిపిస్తుంది.

దశ 5: ఉచ్ఛ, నీచ పరీక్ష

గ్రహం ఉచ్ఛలో ఉంటే కార్డు మంచిది, నీచలో ఉంటే చెడ్డది అని చదివే అలవాటు మనవారిలో బలంగా ఉంటుంది. ఉచ్ఛ, నీచ రాశులు మనకూ పాశ్చాత్యులకూ ఒకటే కాబట్టి ఈ అలవాటును పరీక్షించడం తేలిక. కొలబద్దగా బుక్ టి ఒక్కో కార్డుకు ఇచ్చిన శీర్షికనే తీసుకున్నాను, ఎందుకంటే నా అర్థాలను నేనే కొలిస్తే ఫలితం ముందే తెలిసిపోతుంది.

స్వక్షేత్రం లేదా ఉచ్ఛలో గ్రహం ఉన్న కార్డులు 9. వీటిలో కుదిరినవి 6: టూ ఆఫ్ వాండ్స్ (మేషంలో కుజుడు, ఆధిపత్యం), త్రీ ఆఫ్ వాండ్స్ (మేషంలో రవి, స్థిరపడిన బలం), సిక్స్ ఆఫ్ పెంటకిల్స్ (వృషభంలో చంద్రుడు, భౌతిక విజయం), త్రీ ఆఫ్ పెంటకిల్స్ (మకరంలో కుజుడు, భౌతిక కార్యాలు), టెన్ ఆఫ్ పెంటకిల్స్ (కన్యలో బుధుడు, సంపద), నైన్ ఆఫ్ కప్స్ (మీనంలో గురుడు, భౌతికానందం).

కుదరనివి 3. ఫోర్ ఆఫ్ కప్స్‌లో చంద్రుడు సొంత ఇంట్లోనే ఉన్నా అది కలగలిసిన సుఖం. ఫైవ్ ఆఫ్ కప్స్‌లో కుజుడు సొంత వృశ్చికంలో ఉన్నా సుఖంలో నష్టం. త్రీ ఆఫ్ స్వోర్డ్స్‌లో శని తులలో ఉచ్ఛస్థుడు. మన శాస్త్రం చెప్పే పరమోచ్ఛ 20వ డిగ్రీ, ఆ డెకన్ ముగిసే చోటే. కార్డు శీర్షిక మాత్రం దుఃఖం. ఇక్కడ శని బలపడ్డాడంటే శని పని బలపడిందనే గాని, శుభం పెరిగిందని కాదు.

నీచలో గ్రహం ఉన్న కార్డులు 2. టూ ఆఫ్ పెంటకిల్స్‌లో మకరంలో గురుడు, శీర్షిక సామరస్యమైన మార్పు. నైన్ ఆఫ్ పెంటకిల్స్‌లో కన్యలో శుక్రుడు, శీర్షిక భౌతిక లాభం, బొమ్మలో ద్రాక్షతోట మధ్య నిలబడిన సంపన్నురాలు. రెండూ కుదరలేదు.

సొంత ఇంటికి ఎదుటి రాశిలో గ్రహం ఉంటే పాశ్చాత్యులు బలహీనంగా లెక్కిస్తారు; ఆ కార్డులు 5. ఫైవ్ ఆఫ్ వాండ్స్ (కలహం), ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ (కుదించిన శక్తి), సెవెన్ ఆఫ్ కప్స్ (భ్రాంతి విజయం) కుదిరాయి. ఫోర్ ఆఫ్ వాండ్స్ (పూర్తయిన పని), ఎయిట్ ఆఫ్ వాండ్స్ (వేగం) కుదరలేదు.

మొత్తం: 16లో 9. నాణెం ఎగరేసినా దాదాపు ఇంతే వస్తుంది. చక్రం మీద ఉచ్ఛ, నీచలను రంగులతో చూపాలని వేసుకున్న ప్రణాళికను ఈ లెక్క చూశాక తీసేశాను. రంగు కనిపిస్తే కన్ను దాన్నే తీర్పుగా తీసుకుంటుంది.

దశ 6: కోర్టు కార్డులు, ఏస్‌లు

కోర్టు కార్డులంటే రాజు, రాణి వంటి బొమ్మ కార్డులు, జాతికి నాలుగు. బుక్ టిలో ఒక్కో జాతికి ముగ్గురు కోర్టువారు 30 డిగ్రీల చొప్పున ఏలుతారు, కాని రాశి హద్దుల మీద కాదు: ఒక రాశి 20వ డిగ్రీ నుంచి తరువాతి రాశి 20వ డిగ్రీ దాకా. క్వీన్ ఆఫ్ వాండ్స్ మీనం 20 నుంచి మేషం 20 వరకు. క్వీన్లకు చర రాశులు. గుర్రమెక్కినవారికి ద్విస్వభావ రాశులు. రథమెక్కిన ప్రిన్సులకు స్థిర రాశులు. నాలుగో కోర్టు కార్డుకూ (ప్రిన్సెస్, వెయిట్ పేకలో పేజ్) ఏస్‌కూ చక్రంలో ఒక్కో పావు భాగం, మూడేసి రాశులు: వాండ్స్‌కు కర్కాటకం–కన్య, కప్స్‌కు తుల–ధనుస్సు, స్వోర్డ్స్‌కు మకరం–మీనం, పెంటకిల్స్‌కు మేషం–మిథునం.

చిక్కు వెయిట్ పేకతో వస్తుంది. గోల్డెన్ డాన్‌లో గుర్రం మీద ఉన్నవాడు కింగ్. వెయిట్ పేకలో గుర్రం మీద ఉన్నవాడు నైట్, కింగ్ సింహాసనం మీద కూర్చున్నాడు. పేరు చూసి పంచాలా, గుర్రం చూసి పంచాలా? బొమ్మలను సాక్ష్యంగా పిలిచాను. కింగ్ ఆఫ్ పెంటకిల్స్ ఆసనం మీద ఎద్దు తలలు ఉన్నాయి, అంటే వృషభం, స్థిర రాశి. కింగ్ ఆఫ్ వాండ్స్ వెనుక సింహాలు ఉన్నాయి, అదీ స్థిర రాశే. క్వీన్ ఆఫ్ పెంటకిల్స్ ఆసనం మీద మేక తల మకరాన్ని, చర రాశిని చూపుతుంది. ఇవన్నీ గుర్రం వైపే మొగ్గుతున్నాయి. అయితే క్వీన్ ఆఫ్ వాండ్స్ ఆసనం మీదా సింహాలే ఉన్నందున, మేషం దక్కవలసిన ఆమె దగ్గర ఈ సాక్ష్యం తడబడుతుంది. నైట్‌కు ద్విస్వభావం, కింగ్‌కు స్థిరం అని చక్రం మీద రాసి, పేరును అనుసరించే రెండో పంపకాన్ని నోటుపుస్తకంలో ఉంచాను.

ఇప్పటివరకు: 58 + 12 + 4 + 4 = 78 / 78.

దశ 7: చక్రాన్ని చదవడం

ఒంటరి కార్డు దగ్గర ఈ చక్రం పెద్దగా ఏమీ చెప్పదు. కార్డుల మధ్య బంధుత్వం చెప్పడంలోనే దాని ఉపయోగం ఉంది. ప్రతి చిన్న కార్డు వెనుకా రెండు మేజర్ కార్డులు ఉంటాయి, గ్రహానిది ఒకటి, రాశిది ఒకటి. నైన్ ఆఫ్ పెంటకిల్స్ అంటే శుక్రుడి ఎంప్రెస్, కన్య హెర్మిట్. తోటలో ఒంటరిగా నిలబడిన ఆ స్త్రీలో సమృద్ధి ఎంప్రెస్‌ది, ఏకాంతం హెర్మిట్‌ది. నీచ శుక్రుడని పక్కన పెట్టిన కార్డు ఇలా చూస్తే విడిపోతుంది. త్రీ ఆఫ్ స్వోర్డ్స్ వెనుక వరల్డ్, జస్టిస్ ఉన్నాయి: ముగిసిన విషయం, దాని మీద తీర్పు. టెన్ ఆఫ్ కప్స్ వెనుక టవర్, మూన్ ఉన్నాయి. ఇంద్రధనుస్సు కింద నాట్యమాడే కుటుంబానికి ఈ జంట ఎలా తల్లిదండ్రులయ్యారో ఎంత ఆలోచించినా అతకలేదు, నోటుపుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంది.

మూడు కార్డులు వరుసగా పరిచినప్పుడు బుక్ టి తత్వ నియమం ఇలా వాడుతున్నాను:

1. నడిమి కార్డే ప్రధానం. పక్కవి దాన్ని పెంచుతాయి లేదా తగ్గిస్తాయి.
2. ఒకే జాతి పక్కనుంటే బాగా పెంచుతుంది.
3. వాండ్స్–కప్స్, స్వోర్డ్స్–పెంటకిల్స్ శత్రువులు, తగ్గిస్తాయి.
4. మిగిలిన జంటలు మిత్రులు.
5. మేజర్ కార్డు వస్తే దాని రాశి తత్వం తీసుకోవాలి. హెర్మిట్ అయితే భూమి.

సిక్స్ ఆఫ్ పెంటకిల్స్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్, త్రీ ఆఫ్ పెంటకిల్స్ అని పడ్డాయనుకుందాం. ఉచ్ఛలెక్కలో వృషభ చంద్రుడు, తులా శని, మకర కుజుడు, ముగ్గురూ బలవంతులు. ఆ పద్ధతిలో దుఃఖానికి ఇంకా బలం రావాలి. తత్వ నియమంలో వాయువుకు రెండు వైపులా భూమి ఉంది కాబట్టి నడిమి దుఃఖం బాగా సన్నగిల్లి, పక్కనున్న సహాయం, చేతి పని ముందుకు వస్తాయి. పరిచిన ఒకే వరుస మీద రెండు నియమాలు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఈ చక్రం ప్రకారం తత్వానిదే మాట. ఉచ్ఛ పరీక్షలో వచ్చిన 16లో 9 అందుకు కారణం. శత్రు జంటలు రెండే కాబట్టి వాటిని చక్రం కేంద్రం దగ్గర రెండు ఎర్ర గీతలతో కలిపాను, మిత్రులకు గీతలు వేయలేదు.

గ్రహాలున్న ఏడు మేజర్ కార్డులకు ఏ తత్వం ఇవ్వాలన్నది మిగిలింది. కుజుడికి, రవికి అగ్ని అనడంలో తగవు లేదు. బుధుడి దగ్గరికి వచ్చేసరికి మిథున వాయువా, కన్య భూమా తేలదు. నడిమి కార్డుగా మెజీషియన్ వచ్చినప్పుడు ప్రస్తుతానికి తత్వ నియమం వాడడం లేదు.